ఏడు లక్షల ఇరవై వేల ఏడువందల ఇరవై గుండీలు

గుండీల ఫ్యాక్టరీ ప్యాకింగ్ విభాగంలో ఆవిడను అందరూ శేషం అక్క అనేవారు. ఏ సరుకు సర్దినా చివర "శేషం ఎంత?" అని అడగందే ఆవిడ బల్ల దగ్గర నుంచి కదిలేది కాదు. డబ్బా అడుగున నాలుగు గుండీలు మిగిలాయంటే ఆ పూట ఆవిడకు ముద్ద దిగేది కాదు.

ఒకసారి ఓ బట్టల కంపెనీ ఆకుపచ్చ గుండీలు సుమారు ఏడు లక్షల ఇరవై వేలు కావాలంది. అట్టకు ఎన్నేసి కుట్టాలో తర్వాత చెబుతామంది. అట్ట మీద పదహారు చోట్లుంటాయి, అంతలోపు ఎన్నయినా అడగొచ్చు. వాళ్లు చెప్పేదాకా ఆగుదామంటే, వారంలో అచ్చు విప్పి మెషీనును వేరే సరుకుకు మార్చాలి.

"ఇంకో ఏడువందల ఇరవై ఎక్కువ వేయించండి సార్," అంది అక్క, కాగితం మీంచి తలెత్తకుండా.

"ఎందుకమ్మా? గుండ్రంగా బానే ఉందిగా," అన్నాడు మేనేజరు.

"గుండ్రంగా ఉంటే సరా? అది ఏడుకి లొంగదు, పదకొండుకి లొంగదు, పదమూడుకి అసలే లొంగదు. ఇప్పుడు చూడండి." కాగితం ఆయన వైపు తిప్పింది. 720720 అని ఉంది. "మూడంకెల సంఖ్యని పక్కపక్కనే రెండుసార్లు రాస్తే, దాన్ని వెయ్యిన్నొకటితో హెచ్చించినట్టే. ఆ వెయ్యిన్నొకటి ఏడు, పదకొండు, పదమూడు హెచ్చిస్తే వచ్చింది. ఎనిమిది, తొమ్మిది, పది, పదహారు... ఇవన్నీ ఏడువందల ఇరవైలోనే ఉన్నాయి. వాళ్లు ఎన్నేసి అడిగినా ఒక్కటీ మిగలదు."

మేనేజరు కాలిక్యులేటరు తీసి ఒకటి నుంచి పదహారు దాకా వరసగా భాగించాడు. ఎక్కడా చుక్క పడలేదు. పట్టు వదలక పదిహేడుతోనూ భాగించి, "ఇదిగో, అయిదు మిగిలాయి," అన్నాడు గెలిచినట్టు.

"పదిహేడో గుండీకి అట్ట మీద చోటేదండీ?"

ఆయన నవ్వి ఒప్పుకున్నాడు. మెషీను ఒక్కో దెబ్బకు పదహారు చొప్పున నలభై అయిదు వేల నలభై అయిదు దెబ్బలు వేసింది. 45045లో నలభై అయిదు రెండుసార్లు పలుకుతుందని మెషీను నడిపే తాత మురిసిపోయాడు.

తీరా కబురొచ్చింది, అట్టకు పదమూడేసి. నాలుగు రోజులు కుట్టి యాభై అయిదు వేల నాలుగువందల నలభయ్యో అట్ట చేతిలోకి తీసుకుంటే, దాని మీద పన్నెండే పడ్డాయి. డబ్బా ఖాళీ.

"ఒక్కటేగా, పోనిద్దూ," అన్నాడు మేనేజరు.

"లెక్క తప్పు కాదండీ. గుండీ ఎక్కడో ఉంది," అంది అక్క స్థిరంగా.

అందరూ నేల మీద వంగి వెతకసాగారు. ఆయనా మొహమాటపడి బల్ల కిందికి దూరాడు. బయటికొచ్చి లేవబోతుంటే అక్క చూపు ఆయన చొక్కా మీద ఆగిపోయింది. అన్నీ తెల్ల గుండీలే, మూడోది మాత్రం ఆకుపచ్చ.

ఆయనా తల వంచి చూసుకున్నాడు. "నమూనాకని జేబులో వేసుకెళ్లాను. మా ఆవిడ ఊడిన గుండీ అనుకుని కుట్టేసినట్టుంది."

"కదలకండి సార్," అంటూ అక్క కత్తెర తీసింది.

ఆ సాయంత్రం సరుకు వేళకు బయల్దేరింది. మేనేజరు ఓ చేత్తో చొక్కా పట్టుకుని, రెండో చేత్తో రశీదు మీద సంతకం పెట్టాడు. మర్నాటి నుంచి ఏ ఆర్డరొచ్చినా ముందు అక్క బల్ల దగ్గరికే తెచ్చి, "ఈ సంఖ్య మంచిదేనా అమ్మా?" అని అడగడం మొదలుపెట్టాడు.