మడ్డి వాల్వు

పాత గేటుకి అంటుకుని గట్టిపడిన మడ్డిని వెదురుబద్దతో గీకుతున్నంతసేపూ వీరబ్రహ్మం నోటితోనే గాలి పీల్చుకున్నాడు. ఫ్యాక్టరీలో ముక్కుతో పీల్చడం అతను ఎప్పుడో మానేశాడు. చెరకురసం సున్నంతో కలిసి ఉడికాక పెద్ద తొట్టె అడుగున పేరుకునే నల్లటి జిగట అది. బయటికొచ్చిన కాసేపటికే పులుస్తుంది, పూట గడిస్తే కుళ్ళుతుంది. పులిసిన కల్లూ, చచ్చిన ఎలకా, తడిసిన గోనెసంచీ ఒకచోట పడేసినట్టుంటుంది కంపు. దాని అడుగున ఎక్కడో ఇంకా కొంచెం తీపి మిగిలి ఉంటుంది. ఆ తీపే అతనికి అన్నిటికన్నా రోత. పరమాన్నం వండినరోజు ఆ గిన్నె అతని ముందుకి తేకూడదని భార్య రామతులసికి కాపరానికొచ్చిన ఏడాదే తెలిసింది.

గేటంటే వాల్వు కడుపులో పైకీ కిందికీ జరిగే ఇనుప పలక. అది గీకి శుభ్రం చేస్తే అంచు బయటపడింది. పందికొక్కు కొరికినట్టుంది. దీపావళి ముందు వచ్చిన తుఫానుకి లంకల్లో చెరకంతా నేలకి పడిపోయింది. పడినదాన్ని పడినట్టే నరికి, బురదతో, ఇసకతో బళ్ళకెత్తారు. ఆ ఇసకంతా రసంలో కలిసి, మడ్డిలో దిగి, ఈ గొట్టంలోంచే పోవాలి. వాల్వు పూర్తిగా తెరిచి ఉంచితే ఇసక తనదారిన తను పోతుంది. సగం తెరిచి ఉంచితే ఆ సందులోంచి చిమ్ముకుంటూ పోయి ఇనుముని కోసేస్తుంది. అవతలి ఫిల్టరు మోయలేకపోతోందని మూడు షిఫ్టులవాళ్ళూ సగమే తెరుస్తున్నారు. గేటు అరిగితే గట్టిరకం రాడ్డుతో వెల్డింగు పూత పోసి, సానబట్టి మళ్ళీ దింపుతున్నారు. గేటుకైతే పూత పొయ్యొచ్చు. చుట్టూ ఉన్న బాడీ లోపల్నించి ఎంత పల్చబడిందో పైకి కనపడదు. పైకి ఆకుపచ్చ రంగు నిగనిగలాడుతూ ఉంటుంది.

వీరబ్రహ్మం తండ్రి రాజమండ్రిలో బంగారప్పని చేసేవాడు. పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని కుంపటి ముందు కూర్చునేవాడు. ఆయన కూర్చున్న చోట పడిన దుమ్ముకి కూడా విలువుండేది, సాయంత్రం దాన్ని మెత్తటి కుంచెతో ఎత్తి దాచేవారు. షాపుల్లో తయారు నగలు వచ్చాక ఆ కుంపటి ఆరిపోయింది. కొడుకు ఐటీఐ చదివి ఫిట్టరుగా ఈ ఫ్యాక్టరీలో చేరాడు, మడ్డి సెక్షన్లో పడ్డాడు. అప్పట్నించి ఇంటికెళ్ళగానే పెరట్లోనే ఆగిపోతాడు. బట్టలు కర్రతో ఎత్తి బకెట్లో పడేస్తాడు. కుంకుడురసంతో చేతులు రుద్దుకుని, పుల్లతో గోళ్ళు తీసుకుని, రెండోసారి నీళ్ళు పోసుకుంటేగాని గడప దాటడు. అయినా అన్నం ముద్ద నోటి దగ్గరికి తెచ్చేసరికి వేళ్ళు కంపు కొడతాయి. భార్య ఏ కంపూ లేదంటుంది. అతను నమ్మడు.

గేటు బిగించడానికి మరో వాల్వు దగ్గరికి మోసుకెళ్తుంటే హెల్పరు బుల్లియ్య ఎదురొచ్చాడు. తొట్టె కింద మెయిన్ వాల్వు మెడ దగ్గర కారుతోందని చెప్పాడు. చెప్పి, పొగాకు ఉమ్మి గోడవార ఊశాడు. ఆ గోడ నడుం ఎత్తుదాకా గోధుమరంగులో చారలు కట్టి ఉంది. వీరబ్రహ్మం చూపు తిప్పుకున్నాడు.

ఇద్దరూ ఏళ్ళ తరబడి ఒకే షిఫ్టు. బుల్లియ్యకి మడ్డంటే ఏమీ అనిపించదు. మోచేతిదాకా ముంచి, పంచెకి తుడుచుకుని, అదే చేత్తో టిఫిన్ మూత తీసి తింటాడు. నల్లటి గోళ్ళతో చేపముల్లు ఏరుకుంటూ, "ఓ ముక్క రుచి చూడండి బెమ్మంగారూ" అని రోజూ నవ్వుతాడు. వీరబ్రహ్మం తన క్యారేజీ తీసుకుని గాలివాటు చూసుకుని దూరంగా కూర్చుంటాడు. అయితే గొట్టంలో చెయ్యిపెట్టి తియ్యాల్సిన పని ఏదొచ్చినా చేసేది బుల్లియ్యే. అది ఎవరూ చెప్పుకున్న ఒప్పందం కాదు. మొదటి ఏడాది ఒకసారి వీరబ్రహ్మం వాంతి చేసుకున్నాడు. అప్పట్నించి బుల్లియ్య ముందుకి వస్తాడు, ఇతను వెనక్కి జరుగుతాడు.

తొట్టె కింద వేడికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. వాల్వు మెడలోంచి మడ్డి సన్నగా ఉడుకుతూ జారుతోంది. కింద మడుగు కట్టిన చోట ఈగలు పొరలాగా లేచి మళ్ళీ వాలాయి. వీరబ్రహ్మం స్పానరుతో బాడీ మీద తట్టాడు. గట్టి ఇనుము ఖంగుమంటుంది. ఇది రేకుడబ్బాలాగా మోగింది.

షిఫ్టు ఇంజనీరు సుధాకర్ అక్కడే నిలబడి ఉన్నాడు. ఆ చప్పుడు అతనూ విన్నాడు. రబ్బరు లైనింగున్న కొత్త వాల్వులు కావాలని సీజను మొదట్లోనే రాశానని, ఆఫీసులో పక్కన పెట్టేశారని విసుగ్గా అన్నాడు. మధ్యాహ్నం మిల్లు కడగడానికి ఎలాగూ ఆపుతారు, అందాకా మెడ దగ్గర నట్లు బిగించి కారకుండా చూడమన్నాడు.

"ఆపితే మంచిదండి," అన్నాడు వీరబ్రహ్మం.

"నాకు తెలీదా? పైకెళ్ళి ఆపమని మీరు చెప్తారా?"

బయట చెరకుబళ్ళు కాలవగట్టు దాకా బారులు తీరి ఉన్నాయి. సుధాకర్ మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

నట్లు బిగించడం ఫిట్టరు పని. వీరబ్రహ్మం వంగి స్పానరు తగిలించాడు. మడ్డి చుక్క ఒకటి మణికట్టు మీద పడింది. చుర్రుమన్నదానికన్నా ఆ జిగటకే ఒళ్ళు జలదరించింది. పక్కన బుల్లియ్య ఊపిరిలోంచి పొగాకు వాసన. కింద ఈగలు. నోటికి చెయ్యి అడ్డంపెట్టుకుని లేచాడు.

"మీరు బయటికెళ్ళి గాలి పీల్చుకోండి. నేనున్నాను కదండీ," అని బుల్లియ్య అతని చేతిలోంచి స్పానరు తీసుకున్నాడు.

వీరబ్రహ్మం తొట్టె అవతలికి నడిచి, స్తంభం పట్టుకుని ఉమ్మాడు. వెనక కుండ పగిలినంత చప్పుడైంది. అంతే. తర్వాత పగిలిన వాల్వులోంచి మడ్డి దూకుతున్న బరువైన శబ్దం.

పైన ఎవరో పంపు ఆపారు. బుల్లియ్య గోడవార వెల్లకిలా పడి ఉన్నాడు. తలనించి నడుందాకా మనిషి ఆకారంలో మడ్డి, దాంట్లోంచి పొగలు. అందరూ నీళ్ళ గొట్టం కోసం పరిగెత్తారు. వీరబ్రహ్మం మోకాళ్ళ మీద కూర్చుని, ఉత్త చేతులతో అతని మొహం మీది మడ్డి లాగేశాడు. ముక్కులోంచి వేలితో తీశాడు. నోట్లో వేలుపెట్టి మడ్డీ, ఉమ్మీ, నమిలిన పొగాకూ కలిసిన ముద్ద బయటికి తీశాడు. బుల్లియ్య గాలి పీల్చుకున్నాడు. కళ్ళు తెరవలేదు. వీరబ్రహ్మం అరచేతులు బొబ్బలెక్కుతున్నాయి, అతనికి తెలియలేదు. జీపులో ఎక్కించేటప్పుడు బుల్లియ్య చెయ్యి అతని చేతిని వదల్లేదు, వేరేవాళ్ళు విడదీశారు.

జీపు రాజమండ్రి ఆసుపత్రికి వెళ్ళింది. మిల్లు ఎంతోసేపు ఆగలేదు. స్టోర్సులో ఉన్న పాత వాల్వు ఒకటి తీసుకొచ్చారు, దానికి రంగు కూడా తడిగానే ఉంది. వీరబ్రహ్మమే బిగించాడు. చేతులకి గుడ్డలు చుట్టుకుని, మడుగులో కూర్చుని, చెప్పినట్టు బిగించాడు. పంపు మళ్ళీ తిరిగింది. ఎవరో నేల కడిగారు.

డ్యూటీ దిగే ముందు మేనేజరు చంద్రరావుగారు పిలిచారు. గది చల్లగా ఉంది, అగరొత్తి వెలుగుతోంది. ఆయన మర్యాదగానే మాట్లాడారు. హెల్పరు ఎవరూ చెప్పకుండా తనంతట తాను వాల్వు ముట్టుకున్నాడని చెబితే అందరికీ మంచిదన్నారు. బుల్లియ్య కుటుంబాన్ని కంపెనీ ఎలాగూ చూసుకుంటుందన్నారు. మాట్లాడుతూ ఒకసారి జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

ఆ రుమాలు చూశాక వీరబ్రహ్మం తన ఒంటిని చూసుకున్నాడు. చొక్కా నిండా మడ్డి ఎండి పెచ్చులు కట్టింది. కుర్చీ కిందికి రాలుతోంది.

"అది నా పనండి," అన్నాడు. "నాకు రోత పుట్టి పక్కకెళ్తే అతను చేశాడు. ఆ వాల్వు అరిగిపోయిందని నాకు తెలుసు, ఇంజనీరుగారికి తెలుసు, మీకూ తెలుసు. ఎవరడిగినా ఇదే చెప్తానండి."

"ఉద్యోగం సంగతి ఆలోచించుకోండి."

"రేపట్నించి రానండి."

అప్పుడే ఫోను మోగింది. చంద్రరావుగారు విన్నారు, ఊఁ అన్నారు, మెల్లిగా పెట్టేశారు. తలెత్తలేదు. బుల్లియ్య పోయాడని చెప్పక్కర్లేకపోయింది. వీరబ్రహ్మం తలుపు తీసుకుని బయటికొచ్చాడు.

కుళాయి దాటి నడిచాడు. చేతులు కడుక్కోలేదు. సైకిల్ స్టాండులో రెండో షిఫ్టువాళ్ళ సైకిళ్ళ మధ్య బుల్లియ్యది ఉంది. హ్యాండిల్‌కి ఒక నూనెడబ్బా తాడుతో వేలాడుతోంది, పైన తామరాకు కప్పి ఉంది. పొద్దున వస్తూ కాలవ దగ్గర చేప కొన్నట్టున్నాడు. నీచువాసన వేసింది. వీరబ్రహ్మం ఆ సైకిలే తీసుకున్నాడు. ఎక్కకుండా, నీళ్ళు తొణక్కుండా నడిపించుకుంటూ కాలవగట్టు మీదుగా వెళ్ళాడు. ఎదురైనవాళ్ళు అతన్ని చూసి పక్కకి తప్పుకున్నారు.

బుల్లియ్య ఇంటికి తాళం వేసి ఉంది. అందరూ ఆసుపత్రికి వెళ్ళారని పొరుగావిడ చెప్పింది, ఆమెకి ఇంకా సంగతి తెలిసినట్టు లేదు. వీరబ్రహ్మం సైకిల్ గోడకి ఆనించాడు. బొబ్బల చేత్తో తామరాకు తొలగించి, అరుగు పక్క కుండలోంచి దోసెడు మంచినీళ్ళు డబ్బాలో పోసి, వచ్చినదారినే వెళ్ళిపోయాడు.

డబ్బాలో కొర్రమీను చుట్ట చుట్టుకుని ఉంది. ఉండి ఉండి తోక ఆడించినప్పుడల్లా రేకు టక్కుమంటోంది.