అమ్మ బుర్రలో రాని అల

"నేను ఫ్యాక్టరీలో పనిచేస్తానని అక్కడెవరికీ చెప్పకే" అని పొద్దున్నే కూతురికి మరీమరీ చెప్పి బయల్దేరిందా తల్లి. స్వెటర్లు అల్లే ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లుగా చెకింగ్ ఆవిడ పని. అల్లిక మీద అలా చెయ్యి పోనిస్తే చాలు, డిజైన్ తప్పిన చోట వేలు ఠక్కున ఆగుతుంది. అంతటి మనిషీ ఇప్పుడు కూతురి ల్యాబులో, తల మీద తీగల టోపీతో బిక్కుబిక్కుమంటూ కూర్చుంది.

"తెర మీద రెండు పెట్టెలొస్తాయమ్మా. ఒకదాన్లోనే నక్షత్రం ఉంటుంది. తోచింది నొక్కు. ఓడిపోతే నీ బుర్ర ఉలిక్కిపడుతుంది, అది ఇక్కడ ఈ గీతలో అలలా కనిపిస్తుంది. కళ్లు ఆర్పినా గీత ఎగురుతుంది, జాగ్రత్త," అంది కూతురు.

ఆ అల కనిపిస్తేనే, కూతురి పరిశోధన చూసుకునే ప్రొఫెసర్ మేడమ్ రేపట్నుంచి ఈ ప్రయోగానికి నలభై మందిని పిలిపిస్తుంది. లేదంటే గదీ యంత్రమూ ఇంకొకరికి ఇచ్చేస్తుంది. ఆ మేడమ్ వెనకాలే చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

మొదట్లో అలలు బాగానే వచ్చాయి. కాసేపటికి తగ్గాయి. ఆ తర్వాత తల్లి వరసపెట్టి ఓడుతూనే ఉంది, గీత మాత్రం తాపీగా నేలబారున సాగిపోతోంది. కూతురు తీగలన్నీ సర్ది చూసింది. ఊహూఁ, లాభం లేదు.

పిల్ల ముఖాన నెత్తుటి చుక్క లేదు. తల్లికి తల కొట్టేసినట్టయింది. ఇంతదాకా చదివించి, తీరా ఇవాళ నా మట్టిబుర్రే దాని కొంప ముంచిందే అనుకుంది.

"అమ్మా, కునుకు తీశావా?"

"లేదే తల్లీ. ఓడితే అల వస్తుందన్నావుగా. అందుకే నక్షత్రం లేనిదే చూసి చూసి నొక్కుతున్నా."

"ఎందులో లేదో నీకెలా తెలుసు?"

"తెలియకపోవడమేంటి? ఎడమ, ఎడమ, కుడి, ఎడమ, కుడి, కుడి..." అంటూ పదహారు సార్ల వరసంతా ఏకరువు పెట్టింది. "మళ్లీ మొదటికొస్తుంది. మూడో చుట్టుకే దొరికిపోయింది. మా అంచు డిజైన్లే దీనికన్నా కష్టం."

కూతురు గబగబా తను రాసిన ప్రోగ్రాం తెరిచింది. నక్షత్రం వచ్చే వరసని ప్రతిసారీ కొత్తగా కలపమనే లైను రాయడమే మరిచిపోయింది. ల్యాబులో నలుగురు ఆడి చూశారు కానీ ఒక్కరూ పసిగట్టలేదు.

"తప్పు నాదే మేడమ్."

"నలభై మందీ అయ్యాక బయటపడి ఉంటే ఏడాది పని బూడిదలో పోసినట్టే," అంది మేడమ్. "అమ్మగారు తెలిసే ఓడారు. తెలిసి ఓడితే బుర్రకి ఉలికిపాటెందుకు? సరిచేసి మళ్లీ పెట్టు."

ఈసారి తల్లి ఎంత తంటాలు పడినా వరస అందలేదు. నక్షత్రం మోసం చేసినప్పుడల్లా అల లేచింది. "రేపట్నుంచి నలభై మందినీ పిలువు," అని, మేడమ్ తల్లి వైపు తిరిగింది. "అమ్మగారు ఏం చేస్తుంటారు?"

తల్లి తల దించుకుంది. ఇంట్లోనే ఉంటుందని పిల్ల చెబుతుందిలే అనుకుంది.

"స్వెటర్ల ఫ్యాక్టరీలో చెకర్ మేడమ్," అంది కూతురు, గదంతా వినపడేలా. "ముప్ఫై ఏళ్లలో మా అమ్మ చెయ్యి దాటి ఒక్క తప్పు బయటికి పోలేదు. నాది కూడా."

టోపీ ఇంకా తల మీదే ఉంది. తెర మీద పెట్టెల్లేవు, నక్షత్రమూ లేదు. అయినా గీత ఒక్కసారిగా ఎగిరింది.

"కళ్లు ఆర్పావా అమ్మా?"

"లేదే," అంది తల్లి, తలెత్తి. "నువ్వు చెబుతావనుకోలేదు."