పొడి దగ్గు

గడియారాలు బాగుచేసేవాడికి ఊపిరి బిగబట్టడమే సగం విద్య. కంటికి అద్దం తగిలించుకుని, చీమ తలకాయంత మరను పట్టకారుతో ఎత్తేటప్పుడు కాస్త గట్టిగా గాలి వదిలినా చాలు, అది ఎటు పోయిందో దేవుడికే తెలియాలి. అలా వంగీ వంగీ ఆయన నడుము ఏనాడో పాడైంది. ఇంటికి రాగానే బోర్లా పడుకునేవాడు.

"ఇక్కడ కాదే, ఇంకాస్త కిందికి. అబ్బబ్బా, మందు రాస్తున్నావా, ఇస్త్రీ చేస్తున్నావా?"

ఆయన భార్యకు ఇస్త్రీ దుకాణం ఉంది మరి. నవ్వుకుంటూ రాసేది. రోజంతా జరిగిన ముచ్చట్లన్నీ ఆ మందు రాసేటప్పుడే బయటికొచ్చేవి.

ఆమధ్య ఆయనకు బీపీ ఉందని తేలి, డాక్టరు మాత్ర రాశాడు. కొన్నాళ్లకు దగ్గు పట్టుకుంది. కఫం లేదు, జ్వరం లేదు. ఉత్త పొడి దగ్గు. దగ్గినప్పుడల్లా నడుములో కత్తి దిగినట్టు విలవిల్లాడేవాడు.

వేడి ఇస్త్రీ పెట్టె తగలగానే ఏ చొక్కా ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో ఆవిడ ముక్కు ఇట్టే చెప్పేస్తుంది. ఎవరు దొంగచాటుగా సిగరెట్లు తాగుతున్నారో వాళ్ల పెళ్లాలకంటే ముందు ఆవిడకే తెలుస్తుంది. అందుకని మొగుడి చొక్కా కూడా వాసన చూసింది. ఏమీ రాలేదు. వాసన కూడా అంటకుండా ఎంత జాగ్రత్త పడుతున్నాడో అనుకుంది! అనుమానానికి ఆ మాత్రం ఆధారం చాలు.

"ఏమండీ, మళ్లీ సిగరెట్లు మొదలెట్టారా?"

"లేదే."

"పిల్ల మీద ఒట్టేసి మానేశారు, గుర్తుందా?"

"గుర్తుంది కాబట్టే ముట్టలేదు."

"మరి ఈ దగ్గేంటి?"

అది తెలిస్తే ఆయన ఎందుకు దగ్గుతాడు? ఇంకో నొప్పి మాత్ర మింగాడు. దగ్గు పెరిగితే నొప్పి, నొప్పి పెరిగితే మాత్రలు. బీపీ మాత్రం చెక్కు చెదరలేదు.

మళ్లీ డాక్టరు దగ్గరికెళ్లినప్పుడు ఆయన నోరు విప్పేలోపే ఆవిడ అందుకుంది. "చాటుగా సిగరెట్లు తాగుతున్నారండీ. కాస్త గట్టిగా చెప్పండి." డాక్టరు గట్టిగానే చెప్పాడు. దగ్గు సంగతి ఇక అడగనేలేదు. అదే బీపీ మాత్ర మోతాదు పెంచి రాశాడు. ఆయన ఆవిడ వైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు.

ఆ సాయంత్రం బోర్లా పడుకోలేదు. మందు సీసా దుకాణానికి పట్టుకెళ్లి, చెయ్యి అందినంత మేర తనే రాసుకోవడం మొదలెట్టాడు. అలిగాడులే, తప్పు చేసినవాడికి ఆ మాత్రం ఉంటుందిలే అనుకుంది ఆవిడ. పనిలో కూర్చుంటే దగ్గుకు మరలు ఎగిరిపోతున్నాయని, వచ్చిన గడియారాలు తిప్పి పంపేస్తున్నాడని పక్క కొట్టతను చెబితే అప్పుడు భయం వేసింది. వేరే ఆసుపత్రికి లాక్కెళ్లింది.

అక్కడ డాక్టరమ్మ అడిగింది, "దగ్గు ఎప్పటినుంచి?"

"అదేనండీ, ఈయన..." అని ఆవిడ మొదలెట్టబోయింది.

"ఆయన్ని చెప్పనివ్వండమ్మా."

ఆయన చెప్పాడు. బీపీ మాత్ర మొదలెట్టిన కొన్నాళ్ల నుంచేనని, సిగరెట్ ముట్టి ఏళ్లయిందని, నడుము నొప్పికి మాత్రలు పెంచానని.

"ఈ రకం బీపీ మాత్ర కొందరికి ఇలాగే పొడి దగ్గు తెస్తుంది. మార్చేస్తాను. ఆ నొప్పి మాత్రలు కూడా బీపీని పెంచుతాయి, వాటికీ వేరే దారి చూద్దాం. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదా?"

ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. చెప్పనిచ్చిందెక్కడ?

దారిలో అంది, "నాదే తప్పండీ."

"పోనీలే."

తిట్టినా బాగుండేది. నడిరోడ్డు మీద నాలుగు కేకలేసినా పడి ఉండేది. ఆ పోనీలే అన్న మాటను మాత్రం ఏం చేసుకోవాలో ఆవిడకు తెలియలేదు.

కొన్ని వారాలకు దగ్గు పోయింది. దుకాణంలో గడియారాలు మళ్లీ నడిచాయి. ఆవిడ కొత్త మందు సీసా కొని, ఆయన ఇంటికి రాగానే ఎదురెళ్లింది.

"రండి, రాస్తాను."

"వద్దులే. నొప్పేం లేదు ఇప్పుడు."

ముఖంలో కోపమేమీ లేదు. గోడకు చెయ్యి ఆనించి, మంచం మీదికి మెల్లగా వంగాడు. మూలుగు ఆవిడకు వినబడకుండా, మరను ఎత్తేటప్పుడు చేసినట్టే, ఊపిరి బిగబట్టాడు.