నీలం పూల నైటీ

"జోనా అమ్మా, షో మొదలైపోతోంది, టీ ఇస్తావా లేదా?" హాల్లోంచి మా ఆయన సత్యానందం కేక. కొడుకు టీవీలో పాడబోతున్నాడని గారెలు కూడా కావాలన్నారు. ఆఫీసు నుంచి వచ్చి నైటీ వేసుకుని పిండి రుబ్బాను. పెళ్ళైన కొత్తలో ఈయనకి నేను "ఇదిగో"ని. జోనాథన్ పుట్టాక జోనా అమ్మనయ్యాను. ఇక్కడ అమెరికాలో, అల్ఫారెట్టా ఊళ్ళోని మా తెలుగు చర్చిలో సత్యానందంగారి మిసెస్‌ని. ఆఫీసులో పలకడం కష్టమని పేరులో మొదటి అక్షరం ఒక్కటే ఉంచారు.

మొన్న జోనాథన్ ఫోన్ చేసి, "మమ్మీ, ఫ్రైడే కొత్త సీజన్ స్టార్ట్. కాంపిటీషన్‌లో నేనున్నా. నువ్వు తప్పకుండా చూడాలి" అన్నాడు. ఇంకేదో చెప్పబోతుంటే ఈయన ఫోన్ లాక్కుని, "సింగింగే కదరా?" అని, జవాబు వినకుండానే చర్చి వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. అందరూ చూసి ప్రార్థన చేయమని కూడా రాశారు. వాడు చర్చి క్వయర్‌లో పాడుతూ పెరిగినవాడు కదా, నేనూ పాటలనే అనుకున్నాను.

చివరి వాయి నూనెలో వేసి, మంట తగ్గించి, చేతులు తుడుచుకున్న తువ్వాలు భుజాన వేసుకుని టీ పట్టుకొచ్చాను. తెర మీద ఆడవేషాలు వేసుకున్న మగపిల్లలు ఒక్కొక్కరే తలుపు తోసుకుని లోపలికి వస్తున్నారు. ఈకలు, కిరీటాలు, ఇంతింత మడమల చెప్పులు. "ఇదేం దరిద్రం, వేరే ఛానల్ పెట్టావా?" అంటూ ఈయన రిమోట్ వెతుకుతున్నారు.

అప్పుడు తలుపు తోసుకుని నేనొచ్చాను.

నేనే! నా నీలం పూల నైటీ, కాకపోతే పువ్వుపువ్వుకీ తళుకులు. బెల్లు మోగితే గబుక్కున భుజాన వేసుకునే నా తువ్వాలు. జుట్టుకి క్లిప్పు, చేతిలో గరిటె, నడుం నొప్పికి ఓ పక్కకి ఒరిగే నా నడక. ఆ రంగుల కింద మొహం మాత్రం జోనాథన్‌ది. కన్నకొడుకు దేశమంతా చూస్తుండగా నన్ను ఎగతాళి చేస్తున్నాడా? సిగ్గుతో చచ్చిపోయాను.

ఎవరో వాణ్ణి పేరడిగారు. వాడు తువ్వాలు తీసి పక్కన పడేసి, కుర్చీ లాక్కుని, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. "కరుణమ్మ," అన్నాడు. తర్వాత ఇంగ్లీషులో చెప్పాడు. "మా మమ్మీ పేరు. అందరూ తిన్నాక సింక్ దగ్గర నిలబడి తింటుంది. ఇంట్లో ఎవరూ ఆ పేరుతో పిలవరు, అందుకే నేను పెట్టుకున్నాను."

టీ కప్పు బల్ల మీద పెట్టేశాను. నా పేరు ఈ హాల్లో వినబడి ఎన్నేళ్ళయిందో! వీడు ఇదంతా ఎప్పుడు చూశాడు? హోంవర్క్ చేసుకుంటున్నాడనుకున్నానే.

నా ఫోన్ మోగింది. చర్చి నుంచి ప్రిస్సిల్లాగారు. ఈయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "మనవాడు కాదని చెప్పు. ఎవరో వేరే కుర్రాడని చెప్పు. సండే చర్చిలో నా మొహం ఎక్కడ పెట్టుకోను? అంతా నీ పెంపకం!"

ఫోన్ ఎత్తాను. "ప్రైజ్ ద లార్డ్ సిస్టర్," అన్నారు ప్రిస్సిల్లాగారు గొంతు తగ్గించి. "టీవీలో ఆ పిల్లాడు... మీ జోనాథన్ కాదు కదా?"

ఈయన చెయ్యి అడ్డంగా ఊపుతున్నారు. వంటింట్లోంచి మాడు వాసన. "గారెలు!" అన్నారు. వెళ్ళి స్టవ్ కట్టెయ్యమని సైగ చేశాను. భుజం మీది తువ్వాలు తీసి పక్కన పడేసి, ఆయన లేచిన కుర్చీలో కూర్చున్నాను.

"మా జోనాథనేనండీ," అన్నాను. "ఆ నైటీ నాది. ఆ పేరు కూడా నాదే."