అమల గొంతు ఉన్న బరిణె

శివరాత్రి వెళ్లిన వారం నుంచి మా చెల్లెలు అమల గొంతు కొత్తపేటలోని మా ఇంటి దేవుడి అరలో, ఒక రాగి బరిణెలో ఉంది.

నల్లమల అడవిలోని నాదగిరి ఆశ్రమంలో అందరూ అలాంటి బరిణె మెడలో వేసుకుంటారు. లోహశాస్త్రం చదివి సన్యాసం పుచ్చుకున్న వాళ్ల గురువుగారు కనిపెట్టిన రాగి అది. మనిషి మాటను పట్టి ఉంచుతుంది. ప్రాణం పోగానే మూత బిగించి అయినవాళ్లకు ఇస్తారు. చెవికి ఆనించుకుంటే ఆ మనిషి కూనిరాగం సన్నగా వినిపిస్తుంది. మూత తీస్తే చివరి మాటలు, అప్పుడు పక్కన వినబడినవాటితో సహా, ఒక్కసారి వినిపిస్తాయి, ఆపైన వట్టి రాగి. ఫోన్‌లో ఆ గొంతు ఎక్కదు. నేను ప్రయత్నించాను.

ఆశ్రమం పెద్ద బాపిరాజు గారే ఎల్‌బీ నగర్‌లో బస్సు దిగి తెచ్చిచ్చారు. "బావిలో జారిపడిందమ్మా. మూత మాత్రం తీయకండి. మీకు తోడుగా ఉంటుంది," అన్నారు. రోజూ దీపం పెట్టాక వినేదాన్ని.

తరవాత శవపరీక్షలో అమల చేతిమీద వేళ్ల గుర్తులు కనబడితే, పోలీసులు ఇది హత్యేనని తేల్చి, ఆశ్రమానికి నీళ్ల ట్యాంకరు నడిపే తీతు అనే అతన్ని పట్టుకున్నారు. ఆ కొండమీద బయటివాడు అతనొక్కడే. నిన్న అతని అక్క లింగమ్మ దిల్‌సుఖ్‌నగర్ నుంచి వచ్చి, గుమ్మం బయట చెప్పులు విడిచి నిలబడింది.

"అక్కా, మా తీతు చీమను గూడ తొక్కడు. జర గా మూత తియ్యుండ్రి."

"తీస్తే అది పోతుంది లింగమ్మా."

"తెల్సు. గందుకే గిన్ని దినాలు అడగలే. ఇగ శిక్ష పడ్తదంటున్రు."

నాకు మిగిలిన ఈ కాస్త కూడా ఎందుకు అడుగుతున్నావని దేవుణ్ణి అడిగాను. లింగమ్మ కూర్చోమన్నా కూర్చోలేదు.

ఇవాళ నేను కబురు చేస్తే కేసు చూస్తున్న ఎస్సై వంశీకృష్ణ వచ్చాడు. లింగమ్మ కూడా వచ్చి నిలబడింది. "గిసుంటివి నేన్ నమ్మనమ్మా. గానీ వింట," అన్నాడు.

మూత తీశాను.

"బాపిరాజు గారూ, పప్పులో ఉప్పు తక్కువైతే కోపం, ఎక్కువైతే ఉపవాసం! మీతో ఎలా వేగాలండీ?" అమల నవ్వింది. నేనూ నవ్వేశాను. "రేపటి బస్సుకి మా అక్క దగ్గరికి వెళ్లిపోతున్నా. దాన్ని చూడకుండా ఉండలేకపోతున్నానండీ."

"తెల్లవారుజామున కీర్తన ఎవరెత్తుకుంటారు?" బాపిరాజు గొంతు. "నువ్వు పోతే కొండంతా నీ వెంటే పోతుంది."

"చెయ్యి వదలండి. బావి పక్కన... అక్కా!"

నీళ్ల చప్పుడు. అంతే.

లింగమ్మ నా కాళ్లు పట్టుకుని ఏడ్చింది. ఎస్సై ఫోన్‌లో బాపిరాజును పట్టుకోమని చెప్పి, నావైపు తిరిగాడు. "ఆయనే దీన్ని ఖాళీ చేస్తే అయిపోతుండె గద?"

"ఒకరి గొంతు ఒలకబోయడం ఆ ఆశ్రమంవాళ్లకి మహాపాపమండీ."

ప్రాణం తీయగలిగినవాడు గొంతు తీయలేకపోయాడు. అదేం భక్తో నాకు తెలియదు. ఆ పాపం నేను చేశాను.

"లింగమ్మా, నువ్వూ విన్నావుగా. అది ఎలా నవ్విందో చెప్పు."

ఆమె కళ్లు తుడుచుకుంది. "జర ముక్కుల కెల్లి ఒచ్చిందక్కా. నడుమ ఆగి, మల్ల నవ్వింది."

"ఇంకోసారి చెప్పు," అన్నాను.

ఆమె అప్పుడు కూర్చుంది.