తాడు వేసినవాడి ఈల

నేలలో పాతిన గునపం మొనకి కాయ గుచ్చి మెలితిప్పాడు ఏడుకొండలు. పీచు డొక్క రెండు పాయలై ఊడిపోయింది. మలికిపురం కొబ్బరి షెడ్డులో అతనికి తెల్లారేది ఇలాగే. అరచేతులు డొక్క రంగుకి తిరిగిపోయాయి. కుడి భుజం ఎడమదానికంటే కిందకి జారింది. మెడలో ఓ ఇత్తడి ఈల, చెమటకి రొమ్ముకి అతుక్కుని ఉంటుంది.

పక్క గునపం దగ్గర బుల్లెమ్మ నవ్వింది.

"నిన్న మా పోతురాజుని పోటీలోంచే తోలేసేవు గదా అన్నయ్యా, ఎదుటోడి రొమ్ము మీద తన్నేడని. ఇయ్యాల బుచ్చిరాజుగారు తెచ్చిన ఆ టీవీ ఆటగాడు తన్నితేనో?"

"ఎవరు తన్నినా తన్నే."

"చూద్దారి. చేపల వేటకెళ్ళే కుర్రోడు తన్నితే రౌడీ. ఆయన తన్నితే ఆట వేడంటారు మరి!"

ఏడుకొండలు ఇంకో కాయ అందుకున్నాడు. పోతురాజు ఏడాదంతా ఈ కబడ్డీ పోటీ కోసమే చూస్తాడు. నిన్న బయటకి పోతూ వంగి, గీత తాడుని కళ్ళకద్దుకుని మరీ వెళ్ళాడు. అది ఇంకా ఏడుకొండలు కళ్ళల్లోనే ఉంది.

మధ్యాహ్నం పని ముగించి బరికి వెళ్ళాడు. కోసేసిన మడిచెక్కలో కొబ్బరిపొట్టు పరిచి, కొబ్బరితాడే గీతలుగా బిగించి లాగాడు. తాడు వేసినవాడే ఈల ఊదాలని ఆ ఊరి ఆనవాయితీ. ఎవరు గెలుస్తారో తెలియకముందే గీత లాగినవాడు గనక.

పొద్దు వాలుతుండగా ఆ టీవీ ఆటగాడు విజయ్ కుమార్ కూతకి వెళ్ళాడు. జనం లేచి నిలబడ్డారు. అవతలి కుర్రాడొకడు అతని నడుం పట్టేశాడు. విజయ్ కుమార్ వెనక్కి వాలుతూ, చూసి మరీ వాడి రొమ్ము మీద తన్నాడు. కుర్రాడు పొట్టులో వెల్లకిలా పడి ఊపిరికోసం గింజుకుంటుంటే, చప్పట్లు!

ఈల మోగింది. ఏడుకొండలు చెయ్యి బరి బయటకి చూపించింది.

పోటీ పెట్టించిన బుచ్చిరాజుగారు కుర్చీలోంచి లేచారు. "ఏంటయ్యా అది? ఆట వేడిలో కాలు తగిలింది."

"నిన్నటిదీ ఆట వేడేనండి. ఈయన్ని ఉంచితే పోతురాజునీ పిలవండి. లేపోతే ఇద్దరూ బయటే."

"నాకే చెప్పేంతవాడివయ్యేవా? ఇంక నువ్వు రావద్దు."

"ఆయ్, అలాగేనండి."

మెడలోంచి ఈల తీసి బరి పక్కనున్న వెదురు గుంజకి తగిలించాడు. కాళ్ళకంటిన పొట్టు దులుపుకుని, సైకిలు నడిపించుకుంటూ రోడ్డెక్కాడు.

బుచ్చిరాజుగారు ఈల ఊదమని ఇంకొకణ్ణి పిలిచారు. "తాడు వెయ్యనోణ్ణి, నేనెలా ఊదుతానండి?" అని అతను తల గోక్కున్నాడు. ఈలోగా విజయ్ కుమార్ పడ్డ కుర్రాణ్ణి లేపి, వాడి వీపు దులిపి, బుచ్చిరాజుగారి వైపు తిరిగి "కావాలనే తన్నేనండి," అన్నాడు. తాడు దాటి వెళ్ళి గట్టు మీంచి ఆట చూస్తున్న పోతురాజు పక్కన నిలబడ్డాడు. పోతురాజు అతన్ని కిందనించి పైదాకా చూసి, జరిగి చోటిచ్చాడు.

బుచ్చిరాజుగారు కూర్చోకుండా రోడ్డు వంకే చూస్తున్నారు. "రేపు తాడెవరు వేస్తారు?" అన్నారు, ఎవరినీ అడగనట్టు.

వెదురు గుంజకి ఇత్తడి ఈల, లోపలి తడి ఇంకా ఆరకుండానే, కాలవగాలికి ఊగుతోంది.