పొడుం డబ్బా

బోనులో నిలబడిన డోర్కస్ ముఖం మీదికి, ఎదురుగా వేలాడదీసిన అద్దం ఎండను తిప్పి కొడుతోంది. జైలు జ్వరం తనకు అంటకుండా న్యాయాధికారి తన బల్ల మీద సదాపాకు రెమ్మలు పరిపించుకున్నాడు. లండన్ కోర్టు గదంతా దాని ఘాటే.

ఉరి చూడ్డానికి మూగిన జనంలో, వెండి పొడుం డబ్బా గుప్పిట్లో ఉండగానే దొరికింది డోర్కస్. పట్టుకున్నది పక్కనున్న కసాయి. డబ్బా సొంతదారు, టోపీల వ్యాపారి ట్రెంచర్డ్ అప్పటికింకా ఉరికొయ్య వైపు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

జైల్లో ముసలి పెగ్గీ ముందే చెప్పింది. "సొంతదారుకి తెలీకుండా తీస్తే ఉరేనే పిల్లా. వాడికి తెలిసిందంటే ఓడెక్కిస్తారు, అంతే. చట్టం అలా రాసుకున్నారు మహానుభావులు."

డోర్కస్ వేళ్లను ఏ జేబూ ఇంతవరకు పసిగట్టలేదు. ఆ పనితనమే ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

"సాక్షిని ఏమైనా అడుగుతావా?" అన్నాడు న్యాయాధికారి.

"అడుగుతానండి. ట్రెంచర్డ్ గారూ, అప్పుడు మీరు నిద్రపోతున్నారా?"

"నిద్రేమిటి? నిలబడి ఉంటేను."

"గుర్రాలూ నిలబడే నిద్రపోతాయండి. మీ విగ్గు తీసి నా నెత్తిన పెట్టుకున్నా మీకు తెలిసేది కాదు. మీ కొట్లో పనివాళ్లదే అదృష్టం."

పైవరసలో కూర్చున్న ఆ పనివాళ్లే ముందుగా నవ్వారు. వ్యాపారి చెవులు కందిపోయాయి.

"నాకు తెలుసు. దాని చెయ్యి దూరగానే తెలిసింది."

"అబద్ధం. మొద్దులా నిలబడ్డారు."

"దేవుడి మీద ఒట్టు. ఎందాకా పోతుందో చూద్దామనే ఊరుకున్నాను."

న్యాయాధికారి కలం ఆగింది. "ఆలోచించుకుని చెప్పండి. నిజంగా తెలిసిందా?"

ట్రెంచర్డ్ పైవరస వైపు ఒకసారి చూశాడు. "తెలిసింది ప్రభూ."

జ్యూరీ వాళ్లు తలలు దగ్గర చేర్చి గుసగుసలాడుకున్నారు. ఉరి తప్పింది. ఏడేళ్లు సముద్రం అవతల తోటల్లో చాకిరీ.

బోను దిగి తన పక్కనుంచి వెళ్తున్న డోర్కస్‌ను చూసి ట్రెంచర్డ్ పెదవి విరిచాడు. "ఇప్పటికైనా బుద్ధొచ్చిందా?"

డోర్కస్ ఆగింది. అతనికి మాత్రమే వినబడేలా చెప్పింది.

"వచ్చిందండి. మరి రెండో జేబులో మీ పట్టు రుమాలు ఉందేమో చూసుకోండి. డబ్బా కంటే ముందు దాన్నే తీశాను. ఇంతవరకు మీరు దాని ఊసే ఎత్తలేదు."

భటుడు ఆమెను ముందుకు నెట్టాడు. ఆమె వెనక్కి తిరగలేదు. వెనక ట్రెంచర్డ్ కోటు జేబులన్నీ వరసగా తడుముకుంటున్నాడు.